బడిలో చిక్కిన పిట్ట

న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద నెల రోజులుగా ఒక పుస్తకం ఉంటోంది. బడివాళ్ళు చదవమని ఇచ్చింది. అంచులు నలిగిపోయి, వెన్ను ఊడితే టేపు అతికించారు. అట్ట తెరవగానే లోపలివైపు ఒక గళ్ళ చీటీ ఉంది: ఏ సంవత్సరం ఇచ్చారు, ఎవరికిచ్చారు, ఇచ్చేనాటికి పుస్తకం ఎలా ఉంది. పై వరసలో 'కొత్తది' అని మొదలై, 'బాగుంది', 'ఫరవాలేదు' అంటూ దిగుతూ వచ్చి, ఆఖరి గడిలో మా మనవరాలి పేరు, పక్కన 'పాతబడింది' అని. పిల్ల తొమ్మిదో తరగతి. పుస్తకం హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'.

పేజీల నిండా పసుపుపచ్చ చీటీలు అంటించుకుంది. పక్కనే బడిలో ఇచ్చిన ప్రశ్నల కాగితం. అటికస్ ధైర్యాన్ని చూపించే మూడు సన్నివేశాలు రాయండి. ఈ నవలలో మాకింగ్‌బర్డ్ ఎవరు? ఆధారాలు చూపండి. అటికస్ నుంచి స్కౌట్ ఏం నేర్చుకుంది? ఆ కాగితం చూసి మొదట నవ్వొచ్చింది, తరవాత కాస్త సిగ్గేసింది. డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళపాటు నాన్‌డిటైల్డ్ నవలలు చెప్పినవాణ్ణి. క్యారెక్టర్ స్కెచ్ చెప్పి రాయించాను, థీమ్ చెప్పి రాయించాను, సమ్మరీ అయితే బోర్డు మీదే రాసేశాను. పిల్లలు నవల కొనేవాళ్ళు కారు, గైడు కొనేవాళ్ళు. వాళ్ళనేం అనగలను? నేనూ నవలని గైడులాగే చెప్పాను మరి. సముద్రం దాటి వచ్చినా ప్రశ్నల కాగితం మాత్రం అదే.

అందుకే ఈ నవల అమెరికా బడుల్లో అరవై ఏళ్ళకు పైగా ఎలా నడిచింది, దాని మీద ఎవరెవరు ఎందుకు గొడవపడ్డారు అని తీరిగ్గా చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక అనుమానం బలపడింది. వద్దన్నవాళ్ళలోనూ, కావాలన్నవాళ్ళలోనూ ఎక్కువమంది దీన్ని ఒక పెద్దమనిషి చెప్పే నీతిపాఠంగానే చదివారు. ఇది ఒక చిన్నపిల్ల పెరిగి పెద్దదవుతున్న కథ అన్న సంగతి, ఆ పిల్లకి తను చూస్తున్నది సగమే అర్థమవుతోందన్న సంగతి, క్లాసురూములో ఎక్కడో జారిపోయాయి.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అలబామా రాష్ట్రంలో మేకోమ్ అనే కల్పిత ఊరు. 1933 వేసవిలో మొదలై 1935 చలికాలం దగ్గరపడేదాకా నడుస్తుంది. ఆరేళ్ళు నిండబోతున్న స్కౌట్, నాలుగేళ్ళు పెద్దవాడైన అన్న జెమ్, తల్లి లేని ఆ ఇద్దర్నీ పెంచుతున్న ప్లీడరు తండ్రి అటికస్ ఫించ్, వంటా పెంపకం రెండూ చూసుకునే నల్లజాతి మనిషి కాల్పూర్నియా. మొదటి సగమంతా ఇల్లు దాటి బయటికి రాని పొరుగింటి బూ రాడ్లీని ఎలాగైనా చూడాలన్న పిల్లల ఆరాటం. రెండో సగంలో టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మీద తెల్లజాతి అమ్మాయిని చెరిచాడన్న కేసు. అటికస్ అతని తరఫున వాదిస్తాడు. పత్తి జిన్నింగు మిషన్లో పడి ఎడమ చెయ్యి చచ్చుబడిన మనిషి ఆ పని చేసి ఉండడని కోర్టులో అందరికీ కనబడుతూనే ఉంటుంది. అయినా జ్యూరీ దోషి అంటుంది. తరవాత జైలు ఆవరణ నుంచి పారిపోబోతూ టామ్ తుపాకి గుళ్ళకి చచ్చిపోతాడు. పదిహేడు గుళ్ళు.

హార్పర్ లీ 1926లో అలబామాలోని మన్రోవిల్‌లో పుట్టింది. తండ్రి ప్లీడరు, పత్రిక కూడా నడిపాడు. పక్కింటి నేస్తం, తరవాత రచయిత అయిన ట్రూమన్ కపోటీ, నవలలో డిల్ అనే కుర్రాడయ్యాడు. 1931లో అదే రాష్ట్రంలో స్కాట్స్‌బరో కేసు నడిచింది. రైల్లో ఇద్దరు తెల్ల అమ్మాయిల్ని చెరిచారని తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద మోపిన అబద్ధపు కేసది. ఆ నీడ నవల మీద ఉంది. కానీ పుస్తకం రాసిన కాలం వేరు. బడుల్లో జాతివివక్ష చెల్లదని సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చింది, 1955లో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి మిసిసిపీలో చంపేశారు, అదే ఏడు చివర్లో మోంట్‌గోమరీలో నల్లజాతివాళ్ళు బస్సులెక్కడం మానేశారు. పత్రికల నిండా ఇవే ఉన్న రోజుల్లో ఆవిడ పాతికేళ్ళ కిందటి ఊరి గురించి రాసుకుంది. పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు కాలాల్నీ విడివిడిగా చూపించకపోతే పిల్లలు 'అప్పట్లో అలా ఉండేది, ఇప్పుడు మారింది' అనుకుని పుస్తకం మూసేస్తారు.

1960 జూలైలో నవల వచ్చింది. 1961లో పులిట్జర్ బహుమతి. 1962 చివర్లో సినిమా, అటికస్‌గా వేసిన గ్రెగరీ పెక్‌కి ఆస్కార్. బడులకి ఇంతకన్నా ఏం కావాలి? చవక కాగితపు అట్ట ప్రతులు దొరికాయి, భాష సులువు, మరీ లావు పుస్తకమూ కాదు, పాఠం అయ్యాక చూపించడానికి సినిమా సిద్ధంగా ఉంది. 1989లో ఆర్థర్ యాపిల్‌బీ అనే విద్యా పరిశోధకుడు ఏయే బడుల్లో ఏయే పెద్ద పుస్తకాలు చెబుతున్నారో లెక్క తీస్తే, ప్రభుత్వ బడుల్లో 69 శాతం ఈ నవలని చెబుతున్నాయని తేలింది. ఎక్కువగా చెప్పే మొదటి పది పుస్తకాల్లో ఆడమనిషి రాసింది ఇదొక్కటే. నల్లజాతి రచయిత రాసింది ఒక్కటీ లేదు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోవాలి. జాతివివక్ష గురించి పిల్లలకి చెప్పడానికి దేశం మొత్తానికి దొరికిన పుస్తకం ఒక తెల్ల రచయిత్రి తెల్లపిల్ల కళ్ళతో చెప్పిన కథ. తరవాత వచ్చిన తగాదాల్లో సగం ఇక్కడే పుట్టాయి.

మొదటి తగాదా మాత్రం అటువైపు నుంచి రాలేదు. 1966 జనవరిలో వర్జీనియాలోని హానోవర్ కౌంటీ స్కూలు బోర్డు ఈ నవల నీతిబాహ్యమని బడి లైబ్రరీల నుంచి తీసేయమంది. చెరచడం అన్న విషయం పిల్లల పుస్తకంలో ఉండకూడదన్నది ఒక తండ్రి ఫిర్యాదు. రిచ్మండ్ పత్రికొకటి దీన్ని ఎగతాళి చేసి, అడిగిన పిల్లలకి పుస్తకం ఉచితంగా ఇస్తామని ఒక నిధి పెట్టింది. ఆ నిధికి హార్పర్ లీ పది డాలర్లు పంపి, ఈ డబ్బుతో బోర్డు సభ్యుల్నే ఒకటో తరగతిలో చేర్పించండి అని పత్రికకి ఉత్తరం రాసింది. నిధి పెట్టిన సంపాదకుడు జేమ్స్ కిల్‌పాట్రిక్ అంతకు పదేళ్ళ ముందు నల్ల పిల్లల్ని తెల్ల బడుల్లోకి రానివ్వొద్దని గట్టిగా రాసిన మనిషే. ఈ ఒక్క సంగతి చాలు నన్ను ఆలోచనలో పడెయ్యడానికి. నల్ల పిల్లలు పక్క బెంచీలో కూర్చోకూడదన్న మనిషికి కూడా ఈ నవలలో అభ్యంతరం కనబడలేదన్నమాట.

రెండో తరహా అభ్యంతరం నల్లజాతి తల్లిదండ్రుల నుంచి, టీచర్ల నుంచి వచ్చింది. నల్లవాళ్ళని కించపరిచే ఆ పాడు మాట నవలలో దాదాపు యాభైసార్లు వస్తుంది. క్లాసులో టీచరు దాన్ని పైకి చదువుతుంటే ముప్ఫైమందిలో ఒక్క నల్లపిల్లో, ఒక్క నల్లపిల్లాడో ఉంటే, అందరి తలలూ అటు తిరుగుతాయి. 2017 అక్టోబరులో మిసిసిపీలోని బిలాక్సీలో, ఆ భాష ఇబ్బంది పెడుతోందని ఎనిమిదో తరగతి పాఠాల నుంచి తీసేశారు. గోల అయ్యాక, ఇంట్లో ఒప్పుకున్నవాళ్ళు చదవచ్చన్నారు. 2018లో మిన్నెసోటాలోని డులూత్‌లో దీన్నీ 'హకల్‌బెరీ ఫిన్'నీ తప్పనిసరి జాబితాలోంచి తప్పించారు. 2020లో కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో అయిదు నవలల్ని ఆపారు. 2022 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ముకిల్టియోలో టీచర్లే అడిగి తొమ్మిదో తరగతి తప్పనిసరి జాబితాలోంచి తీయించారు. చెప్పాలనుకున్న టీచరు చెప్పుకోవచ్చు.

పత్రికలు వీటన్నిటికీ నిషేధం అనే ఒకే ముద్ర వేశాయి. లైబ్రరీలోంచి తీసేయడం వేరు, తప్పనిసరి కాదనడం వేరు. మొదటిదానికి నేను ఎప్పుడూ వ్యతిరేకినే. రెండోదాంట్లో నాకు తప్పేమీ కనబడదు. ఏ నవలకీ ప్రతి క్లాసులో కూర్చునే హక్కు రాసిపెట్టి లేదు. ఇంగ్లండ్‌లో 2014లో పరీక్షల సిలబస్ మారినప్పుడు ఇదే నవలా, అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ నవలా వెళ్ళిపోయాయి. అక్కడ వాటి బదులు బ్రిటిష్ పుస్తకాలే చదవాలన్నారు. అది వేరే జబ్బు, దాని జోలికి ఇక్కడ వెళ్ళను.

మూడో తగాదా ప్లీడర్లది. 1992లో మన్రో ఫ్రీడ్‌మన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు అటికస్ మీద ఒక విమర్శ రాశాడు. కోర్టు నియమిస్తే తప్ప ఈ మనిషి తనంతట తను ఆ కేసు తీసుకోలేదని, ఊళ్ళో ఉన్న వివక్ష మీద ఏనాడూ నోరెత్తలేదని అతని వాదన. అటికస్‌ని చూసి లా కాలేజీల్లో చేరిన తరం అప్పటికే పెద్దదై ఉంది, అందరూ ఫ్రీడ్‌మన్ మీద విరుచుకుపడ్డారు. 2009లో రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ 'న్యూయార్కర్' పత్రికలో ఇంచుమించు ఇదే వైపు నుంచి రాశాడు: అటికస్ మనుషుల మనసులు మారాలని కోరుకుంటాడు, చట్టం మారాలని కాదు. 2015లో 'గో సెట్ ఎ వాచ్‌మన్' వచ్చింది. హార్పర్ లీ ముందు రాసి పక్కన పెట్టిన నవల అది. అందులో ఇరవై ఆరేళ్ళ స్కౌట్ ఊరికొస్తే, డెబ్భై దాటిన తండ్రి నల్లవాళ్ళకి హక్కులివ్వొద్దనే సభలో కూర్చుని ఉంటాడు. అటికస్ అని పిల్లలకి పేరు పెట్టుకున్నవాళ్ళు లబోదిబోమన్నారు. కొంతమంది టీచర్లకి మాత్రం అది మంచి ఆయుధమైంది. ఒకే మనిషిని కూతురు ఎనిమిదేళ్ళప్పుడు ఎలా చూసింది, ఇరవై ఆరేళ్ళకి ఎలా చూసింది? రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే ఈ ప్రశ్నకి గైడులో జవాబు దొరకదు.

నిజానికి రెండో పుస్తకం అక్కర్లేకుండానే మొదటి నవలలో ఈ చూపు ఉంది. కథ చెబుతున్నది ఎనిమిదేళ్ళ పిల్ల కాదు, పెద్దదయ్యాక వెనక్కి తిరిగి చూస్తున్న ఆడమనిషి. పిల్ల చూసింది, పెద్దది చెబుతోంది. మధ్యలో ఉన్న ఆ ఖాళీలో నవల ఉంది. హాస్యం అంతా అక్కణ్ణుంచే పుడుతుంది, కత్తిపోట్లూ అక్కణ్ణుంచే. జనం ఒక పిల్లల పుస్తకాన్ని కొంటున్నామని తెలియకుండా కొంటున్నారని రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ ఒక ఉత్తరంలో ఎత్తిపొడిచింది. ఆవిడంటే నాకు చాలా గౌరవం. అయినా ఇక్కడ సగమే ఒప్పుకుంటాను. పిల్ల గురించిన పుస్తకాన్ని పిల్లల పుస్తకం చేసింది బడి.

సినిమా ఈ పనికి గట్టి సాయం చేసింది. పెక్ తెర మీదకి రాగానే కథ తండ్రిదైపోయింది. నవలలో స్కౌట్ బడి అధ్యాయాలు సినిమాలో దాదాపు లేవు. కాల్పూర్నియా తన చర్చికి పిల్లల్ని తీసుకెళ్ళే అధ్యాయం లేదు. నవల చెప్పే టీచరుకి నేను మొట్టమొదట చూపించేవి ఆ అధ్యాయాలే, ఎందుకంటే అవి పాఠం చెప్పడం గురించే రాసినవి.

రెండో అధ్యాయంలో స్కౌట్ ఒకటో తరగతిలో చేరుతుంది. ఇరవై ఒక్కేళ్ళ మిస్ కెరొలైన్ కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరు. వస్తూనే బట్టలు తొడుక్కుని మాట్లాడే పిల్లుల కథ ఒకటి చదువుతుంది. నడక వచ్చిన దగ్గర్నుంచీ పత్తిచేలో కలుపు తీసి, పందులకి మేత వేసిన పిల్లలు ఆ కథకి ఊ కొట్టరు. తరవాత బోర్డు మీద అక్షరాలు రాస్తే స్కౌట్ గడగడా చదివేస్తుంది. రోజూ రాత్రి తండ్రి ఒళ్ళో కూర్చుని పేపరు మీద ఆయన వేలు వెంట కళ్ళు కదిపితే వచ్చిన చదువది, ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. మీ నాన్నని ఇక నేర్పించొద్దని చెప్పు, అలా నేర్చుకుంటే చదువు చెడిపోతుంది అంటుంది టీచరమ్మ. ఇదే కొత్త పద్ధతి, దీన్ని డ్యూయీ డెసిమల్ పద్ధతి అంటారని జెమ్ చెల్లికి గొప్పగా చెబుతాడు. విద్యావేత్త జాన్ డ్యూయీకీ, లైబ్రరీలో పుస్తకాలకి నంబర్లు వేసే మెల్విల్ డ్యూయీకీ తేడా తెలియక చేసిన కలగాపులగం. బీఈడీ చదివినవాళ్ళు ఇక్కడ పడీ పడీ నవ్వాలి. నవ్వాక ఒక నిమిషం ఆగాలి కూడా. చదవడం అనే సుఖం బడిలో ఎలా చెడుతుందో చెప్పిన అధ్యాయాన్ని, అయిదు మార్కుల క్విజ్‌కి కుదించి చెబుతున్నాం. టీచరు వాల్టర్ అనే పేద పిల్లాడికి మధ్యాహ్నం తిండికని ఇవ్వబోయిన నాణెం ఎంత? పావు డాలరు. ఒక మార్కు. వాల్టర్ దాన్ని ఎందుకు తీసుకోలేదు, తీసుకుంటే తిరిగి ఇవ్వలేని ఇంటి పిల్లాడి మర్యాద ఏమిటి అన్నదానికి గడి లేదు.

పన్నెండో అధ్యాయం ఇంకా బరువైంది. కాల్పూర్నియా పిల్లలిద్దర్నీ తన చర్చికి తీసుకెళుతుంది. అక్కడ పాటల పుస్తకాలు ఉండవు. ఉన్నా చదవగలిగేవాళ్ళు నలుగురే. ఆమె కొడుకు జీబో ఒక్కో చరణం పైకి చెబితే సభంతా అందుకుని పాడుతుంది. నల్లపిల్లలకి బడి లేని రోజుల్లో కొడుక్కి ఆమె చదువు చెప్పింది బైబిలుతోనూ, బ్లాక్‌స్టోన్ రాసిన లా పుస్తకంతోనూ. స్కౌట్‌కి రాయడం నేర్పిందీ ఈ మనిషే. వాన పడ్డప్పుడు వంటింట్లో కూర్చోబెట్టి, కాగితం మీద అక్షరాలు వరసగా రాసి, కింద బైబిలు అధ్యాయం ఎక్కించి, అచ్చం అలాగే రాయమనేది. బాగా రాస్తే రొట్టె మీద వెన్న, పంచదార. ఆ ఇంట్లో అసలు పంతులమ్మ ఎవరో ఆ పేజీలు చెబుతున్నాయి. చర్చిలో ఆమె మాట్లాడే యాస వేరు, ఫించ్ వాళ్ళింట్లో యాస వేరు. అది విన్నాక స్కౌట్‌కి మొదటిసారి తోస్తుంది, కాల్పూర్నియాకి తమ ఇంటి బయట ఇంకో బతుకు ఉందని. తెలుగింట్లో ఒక యాస, క్లాసులో ఒక యాస మాట్లాడే మా మనవరాలికి ఈ పేజీ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, చీటీ అంటించుకుంది. ప్రశ్నల కాగితంలో మాత్రం ఈ అధ్యాయం మీద ప్రశ్న లేదు.

క్లాసుల్లో వాడే పద్ధతులు రకరకాలు. అధ్యాయానికో క్విజ్ పెట్టడం అన్నిటికన్నా పాతది, ఎందుకూ కొరగానిది. కోర్టు సీను ఆడించడం ఇంకొకటి: పిల్లలు జ్యూరీగా కూర్చుని, టామ్ నిర్దోషి అని చప్పట్లు కొట్టి తీర్పిస్తారు. ఇదంటే నాకు భయం. ఆ ఊళ్ళో తాముంటే తప్పకుండా మంచివైపే ఉండేవాళ్ళమని పిల్లలకి ఉచితంగా ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపినట్టవుతుంది. మేకోమ్‌లో ఆ పన్నెండుమందీ రాక్షసులు కారు, పొలాలకి వెళ్ళి, చర్చికి వెళ్ళి, పిల్లల్ని ముద్దాడే మనుషులు. 'ఫేసింగ్ హిస్టరీ అండ్ అవర్సెల్వ్స్' అనే సంస్థ ఈ నవల మీద తయారుచేసిన పాఠ్యప్రణాళిక కొంత మెరుగు. ఆ కాలపు చట్టాలు, ఫొటోలు, జ్ఞాపకాలు పక్కన పెట్టి చదివిస్తుంది. 2018లో నలుగురు టీచర్లు మొదలుపెట్టిన 'డిస్రప్ట్ టెక్స్ట్స్' ఉద్యమం ఇంకో అడుగు వేసి, పాత పుస్తకాన్ని కొత్త రచయితల పక్కన పెట్టి నిలదీయమంటుంది.

ఈ వాదాలన్నిటి వెనకా రెండు పాత ఆలోచనలు కనబడతాయి. 1938లోనే విద్యావేత్త లూయీజ్ రోజెన్‌బ్లాట్ చెప్పింది, సాహిత్యం పుస్తకంలోనో పాఠకుడిలోనో విడిగా ఉండదు, ఇద్దరూ కలిసినప్పుడు జరుగుతుందని. సమాచారం కోసం చదవడం, అనుభవం కోసం చదవడం రెండూ వేరని కూడా ఆవిడే తేల్చింది. 1990లో మరో విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ పిల్లల పుస్తకాల్ని అద్దాలతో, కిటికీలతో పోల్చింది. తమ ముఖం కనబడే పుస్తకాలూ కావాలి, పరాయి ఇల్లు కనబడే పుస్తకాలూ కావాలి. మాకింగ్‌బర్డ్ తెల్లపిల్లలకి అద్దం. కిటికీ అనుకుని దశాబ్దాలుగా అందరికీ పంచారు. టామ్ ఇంట్లో ఏం జరుగుతుందో ఆ కిటికీలోంచి కనబడదు. భర్త చచ్చిపోయిన కబురు వినగానే టామ్ భార్య హెలెన్ నేల మీద కూలిపోవడం మనం చూస్తాం, అదీ వేరొకరి నోట. జెమ్ మంచి మనిషిగా ఎదగడానికి టామ్ చావాల్సొచ్చింది. ఎదుగుదల నవలల్లో ఒకళ్ళ పెంపకానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూనే ఉంటారు. డికెన్స్ నవలలో పిప్ దొరబాబు కావడానికి దేశం కాని దేశంలో ఒక ఖైదీ గొర్రెలు మేపాడు. క్లాసులో అడగాల్సిన ప్రశ్న ఇదని నా అభిప్రాయం: ఈ పిల్లలు పెరగడానికి ఖర్చు ఎవరిది?

ఈ ప్రశ్నకి మాకింగ్‌బర్డ్ ఒక్కటీ చాలదు. పక్కన మిల్‌డ్రెడ్ టేలర్ 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' పెట్టాలి. 1976లో వచ్చింది, మరుసటేడు న్యూబెరీ బహుమతి పొందింది. రాసినావిడ నల్లజాతి మనిషి, చెప్పేది తొమ్మిదేళ్ళ క్యాసీ లోగన్, ఊరు మిసిసిపీలో, కాలం సరిగ్గా 1933. స్కౌట్ ఒకటో తరగతిలో చేరిన ఏడే క్యాసీ ఆరేళ్ళ తమ్ముడు కూడా బడిలో చేరతాడు. వాడికి శుభ్రం పిచ్చి. మొదటిరోజు పుస్తకాలు ఇస్తారని సంబరపడతాడు. వచ్చిన పుస్తకం మాసిపోయి, చిరిగిపోయి ఉంటుంది. అట్ట తెరిస్తే లోపల గళ్ళ చీటీ: ఏ సంవత్సరం, పుస్తకం ఎలా ఉంది, తీసుకున్న పిల్లల జాతి ఏమిటి. 1922లో కొత్తగా తెల్లపిల్లలకి ఇచ్చారు. పదకొండుసార్లు వాళ్ళ చేతుల్లో నలిగి, పన్నెండోసారి, ఇక పనికిరాదన్న స్థితికి వచ్చాక నల్లపిల్లల బడికి పంపారు. చదవడం వచ్చిన ఆ పిల్లవాడు చీటీ చదివి పుస్తకాన్ని నేలకేసి కొట్టి కాలితో తొక్కుతాడు. టీచరు బెత్తం అందుకుంటుంది.

ఇది మా మనవరాలికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. చెయ్యి చాచి తన మాకింగ్‌బర్డ్ అట్ట తెరిచి ఆ గళ్ళ చీటీ కేసి చూసింది. ఒక్కొక్క పేరూ వేలితో తడిమింది. ఆ పూట ఇంక పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది నాకు. ఆశ్చర్యం ఏమిటంటే, 2020లో బర్బాంక్‌లో ఆపిన అయిదు నవలల్లో మిల్‌డ్రెడ్ టేలర్ నవలా ఉంది. నొప్పించే మాటల్ని బట్టి పుస్తకాల్ని ఏరితే, దెబ్బ తిన్నవాళ్ళు రాసిన పుస్తకం కూడా అదే గంపలో పడుతుంది.

"మీ ఊళ్ళో కూడా ఇలా ఉండేదా తాతయ్యా?" అని మరో రోజు అడిగింది. ఇక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలున్న ఇళ్ళలో ఈ నవల తెచ్చే ప్రశ్న ఇదే, దీన్ని బడి అడగదు. మా ఊరు గుంటూరు జిల్లా. టీ కొట్టు దగ్గర రెండు రకాల గ్లాసులుండేవి, మాలమాదిగలవి చూరులో దోపి ఉండేవి. తాగి వాళ్ళే కడుక్కుని మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళు. నేను స్కౌట్ వయసులో రోజూ ఆ చూరు కిందనుంచి బడికి వెళ్ళాను. ఎందుకని ఎవర్నీ అడగలేదు. అదే చెప్పాను. దళితుల్ని చంపిన కారంచేడు సంగతి, 1991లో చుండూరు సంగతి చెప్పాను. చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారని, ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసిందని, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టిందని చెప్పాను. మా అమ్మాయి వంటింట్లోంచి "చిన్నపిల్లకి ఇవన్నీ ఎందుకు నాన్నా" అంది. 1966లో హానోవర్ బోర్డు అన్నదీ ఇంచుమించు ఇదే. ఆ మాట పైకి అనలేదు. మా అమ్మాయి మంచిది, పైగా వంట చేస్తోంది.

నవలలో ఇంకో టీచరు ఉంది. ఇరవై ఆరో అధ్యాయంలో, మూడో తరగతికి పాఠం చెప్పే మిస్ గేట్స్. పేపర్లో పడిన వార్త గురించి పిల్లలు ఒకరొకరే లేచి చెప్పాలి. ఒకడు హిట్లర్ యూదుల్ని ఏం చేస్తున్నాడో చెబుతాడు. మిస్ గేట్స్ బోర్డు మీద ప్రజాస్వామ్యం అని పెద్దక్షరాలతో రాసి, మన దేశంలో ఎవర్నీ అలా హింసించం అని వివరిస్తుంది. పాఠం బాగానే చెప్పింది. కానీ టామ్ కేసు రోజు కోర్టు మెట్లు దిగుతూ ఇదే టీచరమ్మ, నల్లవాళ్ళకి బుద్ధి చెప్పాల్సిన సమయం వచ్చిందని పక్కావిడతో అనడం స్కౌట్ విని ఉంది. ఇంటికొచ్చి అన్నని అడుగుతుంది: హిట్లర్ని అంత అసహ్యించుకునే మనిషి, ఇక్కడ మన ఊళ్ళోవాళ్ళ విషయంలో ఇలా ఎలా ఉంటుంది?

నా లెక్కలో నవల మొత్తానికీ వెన్నెముక ఆ పేజీ. అందులో అటికస్ ఉపన్యాసం లేదు, మాకింగ్‌బర్డ్ పిట్ట లేదు. పాఠం చెప్పేవాళ్ళకి పాఠం అంటకపోవడం ఒక పిల్ల కంటబడింది, అంతే. దాని మీద మీ క్లాసులో ఏమన్నారని అడిగాను.

"ఆ చాప్టర్ స్కిప్ చేశారు తాతయ్యా. టైమ్ లేదన్నారు. మూవీ చూపించాలిగా."

అయితే మనం చదువుదాం అన్నాను. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిచి కూర్చున్నాం. ఆమె చదివింది, నేను విన్నాను. స్కౌట్ అడిగేదాకా మామూలుగానే చదివింది. ఆ వెంటనే జెమ్ చెల్లెలి కాలరు పట్టుకుని ఊపేసి, ఆ కోర్టు మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు అని అరుస్తాడు. అక్కడ ఆగింది.

"వాడికి అంత కోపం ఎందుకొచ్చిందంటావ్?" అన్నాను.

ముప్ఫై ఏళ్ళలో నేనెప్పుడూ క్లాసులో ఇంతసేపు ఆగలేదు, జవాబు నేనే చెప్పేసేవాణ్ణి. ఆమె చీటీల కట్ట అటూ ఇటూ తిప్పింది.

"వాడికి కూడా తెలీదు కదా తాతయ్యా. అన్నయ్యకి తెలియాలి కదా అని చెల్లి అనుకుంటోంది." ఒక చీటీ తీసి పేజీకి అంటించింది. దాని మీద ఏమీ రాయలేదు.